ఆ ఇంట్లో నా తలకు నూనె రాసిందెవరు?

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్ణించి లేచిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. బోనకల్ దగ్గర మా పుట్టింటివాళ్ళవి మిరప తోటలు. కల్లంలో కాయ ఎండబోసిన రోజుల్లో మా నాన్నకు అన్నం గిన్నె పట్టుకుని, పొద్దుగూకాక శ్మశానం పక్క దారినే ఒక్కదాన్నీ వెళ్ళేదాన్ని. ఏనాడూ ఒక్క దయ్యం ఎదురుపడలేదు. కుక్కలు మాత్రం బాగా ఎదురుపడ్డాయి. పెద్దయ్యాక లెక్కల టీచర్నయ్యాను. కాబట్టి నేను చెప్పబోయేది ఏదో నమ్మకం మీద చెప్తున్నది కాదు. నాకు జరిగింది, అందుకే చెప్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. నాకు భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో హైస్కూల్లో ఉద్యోగం. మా ఆయన శ్రీను ఆ పక్కనే కరెంటు సబ్‌స్టేషన్లో ఆపరేటరు, షిఫ్టు డ్యూటీలు. నేలకొండపల్లి నుంచి మా అత్తమ్మ వచ్చి మాతోనే ఉండేది. మా అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. మేముండేది కొత్తగా కట్టిన రెండు గదుల కిరాయి ఇల్లు. వెనక పెరడు, పెరడు దాటితే చెట్లు.

ఆ ఊరికి రాకముందే నాకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తొందరగా బయటపడింది కనుక జుట్టు ఊడే మందుల అవసరం రాలేదు, మాత్రలతో సరిపోయింది. తీసేసిన చోట లోపల ఇంప్లాంట్ అని సిలికాన్ సంచి ఒకటి పెట్టారు. జాకెట్టు వేసుకుంటే తేడా తెలిసేది కాదు. కానీ రానురాను అది గట్టిపడి, ఛాతీలో రాయి కట్టుకుని తిరుగుతున్నట్టుండేది. బస్సు గుంతలో పడితే ప్రాణం పోయినంత పనయ్యేది. చివరికి, ఒక వానాకాలం పోయే రోజుల్లో, దాన్ని కూడా తీయించేసుకున్నాను.

తీయించుకున్నాక ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. "చెడ్డ కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసి పోయిండు అత్తమ్మా" అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

చలికాలం మొదలయ్యేసరికి జుట్టు ఊడటం మొదలైంది. నడుం దాటే జడ నాది. దువ్వితే ఉండలు ఉండలుగా దువ్వెనలోకి వచ్చేది. దిండు మీద వెంట్రుకలు, పుస్తకాల్లో వెంట్రుకలు, పప్పులో వెంట్రుకలు. చూస్తుండగానే నడినెత్తి బయటపడింది. రొమ్ము తీసేసినప్పుడు కూడా ఏడవనిదాన్ని అప్పుడు బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను. రొమ్ము సంగతి చీర కింద ఉంటుంది. నెత్తి సంగతి ఊరంతా చూస్తుంది. దానికన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందేమోనని.

హైదరాబాదు వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాం. జబ్బు లేదు. ఆపరేషన్‌కు, మత్తుమందుకు శరీరం దెబ్బతింటే కొన్ని నెలలకు ఇలా జుట్టు ఊడుతుందనీ, అదే మళ్ళీ వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఓపిక పట్టమంది. ఆమె ముందు కూర్చున్నంతసేపూ నమ్మాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే నమ్మకం కుదరలేదు.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మంచివాడు, నోట్లో మాట తక్కువ. మొదటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ నా మంచానికి దూరంగా వేరే మంచం వేసుకున్నాడు. "నిద్రల చెయ్యి తగుల్తది" అన్నాడు. నేను ఆ మాట నమ్మలేదు. నా వొంటిని చూడలేక దూరం జరిగాడనుకున్నాను. అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని.

అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. ఉల్లిరసం అయింది, గుంటగలగరాకు అయింది. ఒకరోజు మందారాకు ముద్ద నెత్తికి పట్టించి పెరట్లో కూర్చోబెడితే, పక్కింటి జోగమ్మ వాళ్ళ మేక వెనకనుంచి వచ్చి ముద్ద మొత్తం నాకేసింది. కాస్త జుట్టు కూడా లాక్కుపోయింది. స్కూల్లో హిందీ టీచరు తన సవరం ఇచ్చి, పిన్నులు పెట్టి నా తలకు తగిలించింది. సోమవారం ప్రార్థనలో నేను వంగి చాక్‌పీసు తీసుకోబోతే అది ఊడి నేలమీద పడింది. ముందు వరసలోని ఏడో తరగతి పిల్ల దాన్ని రెండు చేతులా ఎత్తి, "టీచర్, మీ జడ" అని భక్తిగా అందించింది. గ్రౌండంతా నవ్వు బిగబట్టుకుని నిలబడింది. నాకు నవ్వాగలేదు. నేను నవ్వాక స్కూలు స్కూలంతా నవ్వింది. ఆ రోజునుంచీ నెత్తికి గుడ్డ కట్టుకునే వెళ్ళాను. ఎవరూ వింతగా చూడలేదు.

ఇక అసలు సంగతి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో నీరెండకు చాప వేసుకుని, పక్కకు తిరిగి పడుకున్నాను. అత్తమ్మ జోగమ్మ ఇంటికి కబుర్లకు వెళ్ళింది. మా ఆయన లోపల పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి తల గోరువెచ్చగా ఉంది. ఎండకనుకుని చెయ్యి పెట్టాను. కుదుళ్ళ నిండా నూనె! మిగిలిన కాస్త జుట్టునీ శుభ్రంగా దువ్వి, పాపిట తీసి, వెనక చిటికెనవేలంత జడ అల్లి ఉంది.

అత్తమ్మ పనే అనుకున్నాను. సాయంత్రం చెప్తే ఆమె నా తల వాసన చూసింది.

"ఇది మన కొబ్బరినూనె కాదు. నేను రాయలే" అని, మా ఆయన వైపు తిరిగింది. "ఒరేయ్ శీనూ, నువ్వేనారా? సిగ్గెందుకు, పెండ్లానికి నూనె రాస్తే తప్పా?"

ఆయన ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు ఏమైందో చెప్పడం కష్టం. ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

తర్వాత అలా చాలాసార్లు జరిగింది. ఎప్పుడూ మధ్యాహ్నమే, నేను నిద్రపోయినప్పుడే. లేచేసరికి నూనె, పాపిట, సన్నటి జడ. నూనె ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. నేను ఆయనతో ఏమీ అనలేదు. మాటల్లో పెడితే మానేస్తాడేమోనని. కానీ స్కూలు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన సబ్‌స్టేషన్లో పాము దూరిన సంగతి, ఇంజనీరు కుర్చీ ఎక్కి నిలబడిన సంగతి చెప్పాడు. నేను గుడ్డ తీసేసి ఆయన ముందు తిరగగలిగాను. ఒకరోజు చూస్తే ఆయన మంచం నా మంచానికి దగ్గరగా జరిగి ఉంది. ఎవరు జరిపారని నేను అడగలేదు.

ఒకసారి జోగమ్మ కూర ఇవ్వడానికి వచ్చి నా తల వాసన పట్టింది. "ఇది ఇప్పనూనె టీచరమ్మా. ఏడ దొరికింది మీకు?"

"మా ఆయన సంతలో తెచ్చుంటాడు."

"ఈ చలిల ఎవ్వరు అమ్ముతరు? ఎండకాలం గింజలు గానుగ పట్టించుకుంటం. ఇప్పుడైతే సీసాల నెయ్యి లెక్క గడ్డకడ్తది. పొయ్యికాడ పెడ్తెనే కరుగుతది." పైగా వాళ్ళింట్లో ఆ ఏటి నూనె ఎప్పుడో అయిపోయిందట.

పాపం, నాకోసం ఎక్కడెక్కడ తిరిగి తెచ్చాడోనని మా ఆయన మీద ఇంకా ప్రేమ పుట్టింది.

సంక్రాంతి పోయాక అత్తమ్మ బంధువుల పెళ్ళికి నేలకొండపల్లి వెళ్ళింది. ఆ రోజు స్కూలు ఒంటిపూట. మా ఆయన ఉదయమే డ్యూటీకి వెళ్ళాడు. నేను ఇంటికొచ్చి రెండు తలుపులకూ లోపలనుంచి గడియ పెట్టి గదిలో పడుకున్నాను. కోతులు చొరబడుతున్నాయని ఆ వారం గడియలు జాగ్రత్తగా పెడుతున్నాం. లేచేసరికి తల వెచ్చగా ఉంది. జడ అల్లి ఉంది. గడియలు రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులు కూడా విప్పకముందే అడిగాను. "మధ్యలో ఇంటికొచ్చారా?"

"లే. లైను ట్రిప్పయి కరెంటు పోయింది, కదలనీకి లేకపాయె. ఏమైంది?"

తల చూపించాను. ఆయన వంగి జడ పట్టుకుని చూశాడు. తర్వాత గడప మీదే కూర్చుండిపోయాడు.

"పద్మా, నేను కాదు. ఒక్కసారి కూడా నేను కాదు."

"మరి అత్తమ్మ అడిగినప్పుడు నవ్వారెందుకు?"

"కాదని చెప్పబుద్ధి కాలే. నేననుకొని నువ్వు ఎంత సంతోషపడ్డవో చూసిన. నేనెందుకు చెయ్యలేదా అని సిగ్గయింది. అమ్మనే రాస్తుంది, నా పేరు పెడ్తుంది అనుకున్న."

"నా వొంటిని చూడలేక దూరం పోయారనుకున్నాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏంది ఆ మాట? ఆపరేషనైనంక నిద్రల నా మోచెయ్యి తగిలితే నువ్వు అరిసినవ్. యాదికి లేదా? అప్పట్నుంచి భయం నాకు. నొప్పయితదని."

నాకు నిజంగానే గుర్తు లేదు. ఇంట్లో ఎవరో తెలియని మనిషి తిరుగుతుంటే భయపడాల్సింది పోయి, మేమిద్దరం గడప మీద కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.

అత్తమ్మ తిరిగొచ్చాక విషయం చెప్పాం. తనూ ఎప్పుడూ రాయలేదని మనవరాలి మీద ఒట్టు పెట్టింది. నేరుగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళి, ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. ఆయనకు కోపం వచ్చింది. "మొన్న కట్టిన ఇల్లమ్మా ఇది. మీకంటె ముందు ఎవరున్నరు? అంతకుముందు జొన్నచేను. నా కొత్తింటికి దయ్యాన్ని అంటగడ్తవా?" అన్నాడు. పాపం ఆయన తప్పేముంది. వెతికినా ఆ ఇంటికి ఒక్క కథ దొరకలేదు.

మరుసటి ఆదివారం అత్తమ్మ కాపలా కూర్చుంది. నేను గదిలో చాప మీద పడుకున్నాను. ఆమె గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, ముందర అనపకాయలు పోసుకుని ఒలుస్తూ నన్నే చూస్తోంది. అలా చూస్తుంటే నిద్ర రాదనుకున్నాను కానీ వచ్చేసింది. లేచేసరికి తల వెచ్చగా ఉంది. అత్తమ్మ పీట మీదే ఉంది. ఆమె చేతిలో ఒలవని కాయ అలాగే ఉంది.

"ఎవరు వచ్చారు?"

"ఎవ్వరు రాలే బిడ్డా. కానీ నువ్వు నిద్రలనే తల ఎడమకు తిప్పినవ్. జరసేపుండి కుడికి తిప్పినవ్. చిన్నపిల్ల గడ్డం పట్టుకొని తిప్పుతరు సూడు, గట్ల. నవ్వుకున్నవ్ సుత. ఒక్క కాయ కిందపడ్తె వంగి తీసుకున్న, అంతే. తలెత్తేసరికి జడ ఉన్నది."

ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. భయపడిందేమోననుకున్నాను. ఆమె జడను ఒకసారి నిమిరి, "మంచిగ అల్లింది" అంది.

ఆ తర్వాత మళ్ళీ జరగలేదు. మూడు ఆదివారాలు దొంగనిద్ర పోయి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. అత్తమ్మ చాలా బాధపడింది. కాపలా కూర్చోకపోతే ఇంకొన్నాళ్ళు వచ్చేవాళ్ళేమోనని నాతో అంది. నాలుగో ఆదివారం వేళ్ళు తగిలాయి. ఒక్కసారిగా కళ్ళు తెరిచాను. మా ఆయన, చేతిలో కొబ్బరినూనె గిన్నె పట్టుకుని, దొంగలా. నూనె మరీ కాచి తెచ్చాడు, తన వేలే కాల్చుకున్నాడు. ఆయన అల్లిన జడ చూసి అత్తమ్మ, "ఇది జడనా, కేబులా?" అని వాకిట్లోకి పోయి మరీ నవ్వింది. అయినా ఆయన మానలేదు. ఇప్పటికీ మానలేదు. మేం ఖమ్మం వచ్చేసి ఏళ్ళయింది.

జుట్టు ఎండాకాలానికి మొలకెత్తింది. డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది. కాబట్టి జుట్టు రావడంలో వింత లేదు, దాన్ని నేను ఎవరి ఖాతాలోనూ వెయ్యను.

మా స్కూలు సైన్సు మాస్టారికి చెప్తే ఆయన కొట్టిపారెయ్యలేదు, ఆలోచించాడు. మనసు కుంగినప్పుడు మనిషి నిద్రలో లేచి తన పని తనే చేసుకోవచ్చు, తర్వాత గుర్తుండదు, మీరే రాసుకుని ఉంటారు మేడం అన్నాడు. నాకూ ఆ మాటే నచ్చింది. నమ్ముదామని చాలా ప్రయత్నించాను. కానీ ఆపరేషన్ మూలంగా ఆ చలికాలమంతా నా ఎడమ చెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఒంటిచేత్తో జడ ఎలా అల్లుకున్నాను? గడ్డకట్టే నూనె ఎవరు కాచారు? పోనీ అవన్నీ వదిలేస్తాను. లేచిన ప్రతిసారీ ముందు తలను తడుముకుని, ఆ వెంటనే అరచేతులు చూసుకునేదాన్ని. తలకు తగిలిన వేలికి తప్ప, ఇంకెక్కడా నూనె ఉండేది కాదు.