జడ రిబ్బన్ కింద నల్లచార

1984 అక్టోబరులో ఒక శనివారం ఉదయం ఏడుంబావుకు నేనూ నాన్నగారూ న్యూ బ్రన్స్‌విక్ స్టేషన్‌లో బండెక్కాం. పిస్కాటవేలోని మా ఇంటి నుంచి మా ఆయన కార్‌లో దింపారు. అక్కడితో ఆయన్ను ఆగిపొమ్మన్నాను. "ఓ పాత ఇనపముక్క కోసం వంద మైళ్లకు పైనా?" అని వారం రోజులుగా నవ్వుతున్న మనిషిని వెంటబెట్టుకుని ఏ పనీ చెయ్యలేం.

ఆ ఇనపముక్క నాన్నగారి కోటు లోపలి జేబులో రుమాలులో చుట్టి ఉంది. చిన్న లోహపు పట్టీకి గుడ్డ రిబ్బన్లతో పక్కపక్కన వేలాడే రెండు పతకాలు. ఒకటి శిలువ, మధ్యలో 1914, 1918 అని అంకెలు. రెండోది గుండ్రటి బిళ్ల, దాని మీద సింహం, వెనక మాకెవరికీ అంతుపట్టని అక్షరాలు.

నాన్నగారు తెనాలిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో, మన దళాల ఆస్పత్రిలో నర్సింగ్ పని చేశారు. 1944లో గాయాలతో ఖైదీగా వచ్చిన ఒక జర్మన్ సైనికుడు చనిపోయే ముందు ఈ పట్టీని ఆయన చేతిలో పెట్టి, గుప్పిట మూసి గట్టిగా నొక్కాడట. ఏదో చెప్పాడట. నాన్నగారికి ఆ భాష రాదు. ఇరవై ఆరేడేళ్ల వాడికి 1914 పతకం రాదు కాబట్టి వాళ్ల నాన్న సంపాదించినదై ఉంటుందని, సేవ చేసినందుకు తనకు కానుకగా ఇచ్చాడని నాన్నగారు సరిపెట్టుకున్నారు. కానీ మా ఇంటికొచ్చిన ఈ నాలుగు నెలల్లో మూడుసార్లు అడిగారు. "నాకిచ్చాడంటావా రూతమ్మా, ఎవరికైనా ఇవ్వమన్నాడంటావా?"

ఇంకో మూడు వారాల్లో ఆయన తిరుగు ప్రయాణం. ఈలోగా తేల్చాల్సిందే అనుకున్నాను. రెండు మ్యూజియంలకు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. పాత నాణేల షాపతను చూసి పెదవి విరిచాడు గానీ, లాంకాస్టర్‌లో వాల్టర్ అనే ఆయన ముప్పై ఏళ్లుగా ఇలాంటి పతకాలే చూస్తున్నాడని అడ్రస్ ఇచ్చాడు. ఫోన్ చేస్తే పదకొండు గంటలకు రమ్మన్నాడు.

ట్రెంటన్‌లో బండి మారాం. తొమ్మిది లోపే ఫిలడెల్ఫియా చేరాం. లాంకాస్టర్ బండి తొమ్మిదిన్నరకి. వెళ్లేవాళ్లకు ఒక మాట: అరగంట వ్యవధి ఉంది కదా అని స్టేషన్ అందాలు చూస్తూ నిలబడకండి, టికెట్ క్యూ పొడుగ్గా ఉంటుంది. బండి కదిలాక పులిహోర డబ్బా తీశాను. ఎదురు సీటులో స్వెటర్ అల్లుకుంటున్న పెద్దావిడ వాసనకు తలెత్తి, రెండు చెంచాలు తిని, మూడో చెంచా తనే అడిగింది. పతకాలు చూపించడానికి వెళ్తున్నామంటే, "మీ నాన్న సోల్జరా?" అంది.

నేను నోరు తెరిచేలోపే నాన్నగారు, "నో మేడమ్. ఐ ఓన్లీ వాష్డ్ సోల్జర్స్," అన్నారు. ఆవిడ అల్లిక ఆపేసింది.

లాంకాస్టర్‌లో పది నలభై అయిదుకు దిగి, పావుగంట నడిచాం. వాల్టర్‌కు డెబ్బై దాటి ఉంటాయి, ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడట. బేస్‌మెంట్ నిండా సన్నటి సొరుగులు. పట్టీ మాకెలా వచ్చిందో విని, దాన్ని దీపం కింద పెట్టి భూతద్దంతో చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"దీన్ని తోమిందెవరు?"

మా అమ్మ. ఏటా క్రిస్మస్‌కు ఇత్తడి సామానుతో పాటు వీటినీ చింతపండు పెట్టి తోమేది. తళతళలాడకపోతే చచ్చిపోయినవాడికి అవమానమని ఆవిడ లెక్క. అదే చెప్పాను. "పాతవాటిని తోమితే అవి చెప్పాల్సింది చెరిగిపోతుంది," అన్నాడాయన. నాన్నగారు తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ ప్రేమతో చేసిన పని అది.

అంతలో వాల్టర్ శిలువ కొక్కెం సందులోకి సూది పోనిచ్చి, "అరె," అన్నాడు. చింతపండు అందని ఆ మూల నల్లరంగు మిగిలి ఉంది. తర్వాత గుండ్రటి బిళ్లను పట్టుకున్నాడు. "బిళ్ల వేలాడుతున్న ఈ ఎర్ర గుడ్డ అసలుది కాదు."

నేను గుర్తుపట్టాను. అది నా జడ రిబ్బన్. నేను నాలుగో తరగతిలో ఉండగా, పాతది చిరుగులు పట్టిందని అమ్మ నా రిబ్బన్‌లో ముక్క కత్తిరించి పైన కుట్టేసింది.

"కుట్లు విప్పనా?" అన్నాడు వాల్టర్.

"మీ అమ్మ చేతి కుట్టమ్మా," అన్నారు నాన్నగారు.

"విప్పండి," అన్నాను.

అడుగున వెలిసిపోయిన ఎరుపు, అందులో ఒక నల్లచార. వాల్టర్ భూతద్దం పక్కన పెట్టాడు. తర్వాత ఒక సొరుగు లాగి మూడు శిలువలు వరసగా పెట్టాడు. జర్మనీలో కత్తుల గుర్తున్నది ముందు నిలబడి పోరాడినవాడికి. కత్తులు లేని కంచురంగుది వెనక పనులు చేసినవాడికి. కత్తులు లేని నల్లది చనిపోయినవాడి ఇంటివాళ్లకి. మాది మూడోది. గుండ్రటిది బల్గేరియాది. మొదటి యుద్ధంలో ఆ దేశం జర్మనీ పక్షం. తమ వైపు పోరాడిన జర్మన్లకూ ఈ పతకం ఇచ్చారు. రిబ్బన్‌లో నల్లచార ఉంటే మనిషి తిరిగి రాలేదన్నమాట.

"రెండూ ఒకే చావుకు, ఆ కుర్రాడి తండ్రి చావుకు వచ్చినవి," అన్నాడు వాల్టర్. "తల్లి చేతికి వచ్చి ఉంటాయి. యుద్ధానికి వెళ్తుంటే కొడుక్కి ఇచ్చి పంపింది. వీటిని ఏ కొడుకూ కానుకగా ఇవ్వడు."

ఇంత పొడుగు ఇంగ్లీషు నాన్నగారికి అందదని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆఖరి వాక్యం దగ్గర ఆగాను. నాన్నగారే, "చెప్పమ్మా," అన్నారు. చెప్పాను.

వాల్టర్ డబ్బు పుచ్చుకోలేదు. నా జడ రిబ్బన్ ముక్కను మడిచి నాకిచ్చాడు. గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట కూడా చెప్పాడు గానీ, అప్పటికే నాన్నగారు వీధిలో ముందుకు వెళ్లిపోయారు.

రెండుంబావు బండిలో తిరుగు ప్రయాణం. మిగిలిన పులిహోర ఆయన ముట్టలేదు. కిటికీలోంచి చూస్తూ, "నలభై ఏళ్లు నా దగ్గరే ఆపేశాను," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మాట మార్చడానికి వాల్టర్ చివర చెప్పింది చెప్పాను. బెర్లిన్‌లో ఒక ఆఫీసు ఉందట. జర్మన్ సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ నంబరుంటే మనిషెవరో, ఇల్లెక్కడో వాళ్లు చెప్పగలరట. "మనకు ఆ నంబరెక్కడిది నాన్నా," అన్నాను.

ఆయన నావైపు తిరిగి, సంచిలోంచి బైబిల్ తీశారు. మా ఇంట్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ దాని మొదటి ఖాళీ పేజీలో రాస్తారు. నాయనమ్మ చావుకూ అన్నయ్య పుట్టుకకూ మధ్య ఒక వరస అంకెలు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. నాన్నగారి మిలిటరీ నంబరనుకునేదాన్ని.

"వాడి మెడలోది," అన్నారు. "పేరు తెలీదు కదమ్మా. ప్రార్థనలో ఏమని తలుచుకోను? అందుకని రాసుకున్నా."

టికెట్ చూడ్డానికి వచ్చిన కండక్టర్‌ని పెన్ను అడిగాను. ఆ తల్లి ఉంటే ఎనభై దాటి ఉంటుంది, లేకపోతే ఇంకెవరైనా ఉంటారు. ఎవరూ లేరని బెర్లిన్ వాళ్లు రాసిచ్చేదాకా వదలకూడదనుకున్నాను. ఆ రోజు చూసిన ఊళ్లూ స్టేషన్లూ ఇప్పుడు సరిగ్గా గుర్తులేవు. ఊగే బండిలో, పులిహోర డబ్బా మూత మీద కాగితం పెట్టి రాసింది మాత్రం గుర్తుంది. న్యూ బ్రన్స్‌విక్‌లో దిగేలోపే మొదటి వాక్యం అయిపోయింది: "ఈ నంబరు గల సైనికుడు తన తల్లికి ఇమ్మన్న వస్తువు మా నాన్నగారి దగ్గర ఉంది."