ఆ కుక్క బతికుండాలి

ఒక ఆదివారం మధ్యాహ్నం మా పాపను సినిమాకు తీసుకెళ్లాను. అప్పుడు తనకు ఎనిమిదేళ్లు. నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. మా ఆయనది ఇంకో ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పాప బడి బస్సు దిగిన దగ్గర్నుంచి నా కంపెనీ బస్సు మా కిష్టారెడ్డిపేట చేరేదాకా రెండు గంటలు ఫ్లాటులో ఒక్కతే ఉండేది. ఆదివారాలు ఎక్కడికైనా తిప్పితే ఆ లోటు తీరుతుందని నా నమ్మకం.

పిల్లాపెద్దా కలిసి చూసే సినిమా అది. ఎవరితోనూ కలవలేని ఒక పిల్ల, ఎవరికీ పట్టని ఒక వీధికుక్క. ఆడుతూ ఆడుతూ కుక్క గోరు పిల్లకు గీసుకుంటుంది. పిల్ల వెళ్లి పెద్దవాళ్లకు చెబుతుంది. మర్నాడే బండి వచ్చి కుక్కను ఎత్తుకుపోతుంది. హాలంతా ముక్కులు తుడుచుకుంది, నేను కూడా. మా పాప మాత్రం ఏడవలేదు. బయటికొచ్చాక ఒక్క మాట అడిగింది.

"ఆ పిల్ల ఎందుకు చెప్పిందమ్మా? చెప్పకపోతే కుక్క ఉండేది కదా."

"అది సినిమా బిడ్డా" అన్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

తర్వాతి వారం శనివారం తలంటు పోస్తుంటే ఎడమ పిక్క మీద రెండు చుక్కలు కనబడ్డాయి. నల్లగా పక్కు కట్టి ఉన్నాయి.

"ఏందిది?"

"గేటు గీసుకుంది."

గేటు గీసుకుంటే గీత పడుతుంది, చుక్కలు కాదు. మళ్లీ అడిగాను. నురగ కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా నిలబడింది. "నువ్వు దాన్ని పట్టియ్యనంటేనే చెప్తా."

"పట్టియ్యను, చెప్పు" అన్నాను.

బడి నుంచి వచ్చాక రోజూ కిందికి దిగి, మా అపార్టుమెంటు వెనక ఖాళీ ప్లాట్లలో ఒక కుక్కకు బిస్కెట్లు పెడుతోందట. మట్టిరంగు కుక్క, ముందరి కాలొకటి తెల్లగా ఉంటుందట. మంగళవారం ఇంకో కుక్క అడ్డమొస్తే ఇది బిస్కెట్ కోసం దుంకింది. "కావాల్నని కరవలేదమ్మా. పండ్లు తాకినయ్ గంతే."

మంగళవారం. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేను ఆ పిల్ల పక్కనే పడుకున్నాను.

తల సరిగా తుడవకుండానే మా ఆయన బండి మీద సర్కారు దవాఖానకు పరుగెత్తాం. డాక్టరమ్మ పుండు చూసి, "ఇన్ని రోజులు ఎందుకు ఆగారు?" అంది. మా ఆయన నా వైపు చూశాడు. పుండు చుట్టూ సూది గుచ్చుతుంటే పాప పెట్టిన కేక ఆ వరండా చివరిదాకా వినపడింది.

"ఈ సూదులు ఒక్కటీ తప్పించొద్దు" అంది డాక్టరమ్మ. "కుక్కను కూడా చూస్తుండండి. కరిచిన రోజు నుంచి పది రోజులు అది బాగుంటే ఇక భయం లేదు."

కుక్కను చూడాలంటే అది కనబడాలి కదా. గురువారం నుంచి కనబడలేదని పాపే చెప్పింది.

సెలవు పెట్టి వెతికాను. చిన్నప్పటి నుంచి కుక్కలంటే నాకు వణుకు. అలాంటిదాన్ని చికెన్ షాపు వెనక, చెత్తకుప్పల దగ్గర, సగం కట్టిన బిల్డింగుల్లో సద్దన్నం గిన్నె పట్టుకుని తిరిగాను. మా వాచ్‌మన్ భార్య నా వెంట వచ్చింది.

"అక్కా, గురువారం కుక్కలను పట్టే మున్సిపాల్టీ జాలీ బండి వచ్చింది. కొన్నిటిని పట్టుకపోయిన్రు. వాటిల అది ఉందో ఏమో నేను సూడలే."

"చచ్చిపోయి ఉంటే?"

"గట్లనకు అక్కా. నీ మొకం సూస్తే నాకే భయమైతుంది."

సోమవారం పటేల్‌గూడ వైపు మోరీలో ఒక కుక్క చచ్చి పడుందని ఎవరో చెప్పారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లి చూశాను. నల్ల కుక్క. నాలుగు కాళ్లూ నలుపే. ఒక ప్రాణం పోయి పడుంటే నాకు సంతోషం ముంచుకొచ్చింది. ఆ సంతోషానికి నాకే సిగ్గేసింది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. రేబిస్ వస్తే నీళ్లు మింగుడు పడవంటారు. గంటకోసారి పాపకు నీళ్లిచ్చి గొంతు కదులుతోందా లేదా అని చూసేదాన్ని. ఒకసారి పొరమారి దగ్గింది. వీపు నిమురుతూ తన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను.

"ఎందుకట్ల సూస్తున్నవమ్మా? నేను సచ్చిపోతనా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని గట్టిగా కసిరాను. వంటింట్లోకి పోయి కుక్కర్ విజిల్ చప్పుడులో ఏడ్చాను.

మంగళవారం నుంచి లెక్కేస్తే శుక్రవారానికి పది రోజులు నిండుతాయి. శుక్రవారం కూడా కుక్క కనబడలేదు. ఆదివారం పొద్దున వాచ్‌మన్ భార్య కింద నుంచి కేకేసింది. "అక్కా, జల్దీ రా! బండి మల్లొచ్చింది!"

చెప్పులు లేకుండా దిగాను. బండి వాళ్లు ఒక్కొక్క కుక్కనే వదులుతున్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించారట. నాలుగోది మట్టిరంగుది. తెల్ల కాలు ముందుకేసి నేల మీదికి దూకింది. పైన బాల్కనీలోంచి పాప అరిచింది. "అదే అమ్మా, అదే!"

కుక్క తూలుతూ నడిచి, నీళ్ల ట్యాంకరు కారిన గుంటలో మూతి పెట్టింది. చపచపా తాగింది. పది అడుగుల దూరంలో గోడ పట్టుకుని నిలబడి, అది తాగడం ఆపేదాకా చూశాను. అదంటే నా భయం అప్పటికీ పోలేదు. అయినా దండం పెట్టాను.

సూదులన్నీ పూర్తయ్యాయి. బడి నుంచి వచ్చాక పాప ఇప్పుడు వాచ్‌మన్ భార్య గదిలో ఉంటుంది. నేను వచ్చాక ఇద్దరం పైకి వెళ్తాం. ఒకరోజు అన్నం తినిపిస్తూ అడిగాను. "నాకు ముందే చెప్తే ఏమయ్యేది?"

"నువ్వు గిట్లనే భయపడేదానివి" అంది తల ఎత్తకుండా. "భయపడితే నువ్వు మస్తు కోపం చేస్తవ్."

కాదనబోయి ఇంకో ముద్ద కలిపాను. ఆ పిల్ల నన్ను సరిగ్గానే చదివింది. ఇంకేమేం నా దగ్గర దాచుకుంటోందో అని ఇప్పటికీ అప్పుడప్పుడూ భయమేస్తుంది. అలాంటప్పుడు కోపం గొంతుదాకా వచ్చినా మింగి, పక్కన కూర్చుని, బడిలో ఏమైందని నెమ్మదిగా అడుగుతాను. ఒక్కోరోజు చెబుతుంది.