పిన్ని దాటిన వంతెన

పది రోజుల కింద పొద్దున మా ఆయన గ్యారేజీ నుంచి ఫోన్ చేసి, "పిన్ని పోయిందట. నిద్రల్నే పాణం పోయిందట" అన్నాడు. నేను బియ్యం కడుగుతున్నాను. నల్లా కట్టెయ్యాలని కూడా తోచలేదు.

మీకు పిన్ని తెలియదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి మస్కట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. మాది జగిత్యాల వైపు, ఆమె నాకు చుట్టం కాదు. మస్కట్‌లోనే ఘాలా అనే పేటలో మా రూమ్ పక్క కొట్టులో కొత్తిమీర అడగడానికి సిగ్గుపడి నిలబడ్డ నన్ను చూసి, "నోరు ఇంటి దగ్గర పెట్టొచ్చావా అమ్మా?" అంది. అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చేది. చెప్పులు గోడకు నిలబెట్టి, నా టీలో అల్లం చాల్లేదని తిట్టేది. ఈ దేశంలో నేను నోరు విప్పింది ఆమె దగ్గరే.

పోయిన వేసవిలో ఆ ఇంటి మేడం వాళ్ళు పిల్లల కోసం ఆమెను నార్వే తీసుకెళ్ళారు. అక్కడ ఒక పాత ఊళ్ళో, నది మీది చెక్క వంతెన నుంచి వీడియో కాల్ చేసింది. వంతెనకు ఎత్తైన ఎర్ర గుమ్మాలు, ఒడ్డున నీళ్ళలోకి గుంజలు దిగిన రంగురంగుల చెక్క ఇళ్ళు.

"ఎప్పటిదో రాజుల కాలం నాటిదంట, చూడవే! స్వెట్టర్లో ఎలుగుబంటిలా లేనూ? అవతలి ఒడ్డు దాకా ఫోన్ పెట్టెయ్యకు, నిన్నూ దాటిస్తాను."

నడుమ ఆగి, నాణెం కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విసిరింది.

"అది గోదారి కాదు గద పిన్నీ!"

"ఏ నీళ్ళు దాటినా దణ్ణం పెట్టాలే. నీ కడుపు పండాలని మొక్కాను."

పక్కనే మేడం చిన్న కూతురు కూడా చేతులు జోడించింది.

కొన్నాళ్ళకు నేను నెల తప్పాను. మా అమ్మ ఇక్కడికి వచ్చే వీలు లేదు. "కాన్పుకి నేనుంటాను. డాక్టరమ్మతో నేను మాట్లాడతా, నువ్వు నొప్పులు పడితే చాలు" అని పిన్ని ముందే సెలవు అడిగి పెట్టుకుంది.

ఇప్పుడు నాకు ఎనిమిదో నెల. మా ఆయనకు డ్యూటీ మానడం కుదరదు. డాక్టరమ్మ ఏమడిగినా తల ఊపడమే తప్ప, ఎక్కడ నొప్పో ఆమె భాషలో చెప్పడం నాకు రాదు. భయంతో ముద్ద దిగడం లేదు. ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయిందా అని పోయిన మనిషి మీదే కోపం వస్తోంది.

పిన్నిని పెట్టెలో ఊరికి పంపించిన మర్నాడు మేడం మా రూమ్‌కు వచ్చింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఒక సంచి నా ఒళ్ళో పెట్టి, నా కడుపు మీద చెయ్యి ఆనించి ఏడ్చింది. సంచిలో, తన పాత నూలు చీరలతో పిన్ని కుడుతున్న చిన్న బొంత ఉంది. మూడు వైపులా కుట్టు పూర్తయింది. నాలుగో వైపు సగంలో, దారంతో సహా, సూది గుచ్చి ఉంది.