బరువు పైకి చెప్పని డాక్టరమ్మ

కాలవకట్ట మీది సర్కారు ఆస్పత్రిలో శౌరమ్మ ఆయాగా చేరి ముప్పై రెండేళ్లు. ఈలోగా తొమ్మిదిమంది డాక్టర్లు వచ్చారు, వెళ్లారు. బదిలీ లేనిది శౌరమ్మకీ, వాకిట్లో బోరింగుకీ మాత్రమే. చదివింది రెండో తరగతి. అయినా పసిబిడ్డ ఏడుపు వింటే అది ఆకలో, కడుపునొప్పో, వట్టి పెంకితనమో చెప్పేస్తుంది. అడక్కపోయినా చెప్పేస్తుంది.

పదో డాక్టరుగా హెలెన్ వచ్చింది. విజయవాడలో పిల్లల డాక్టరు చదువు చదువుతోంది. ఇంట్లో తనకే ఎనిమిది నెలల పాప. అందుకని కాలేజీవాళ్లు ఆ అమ్మాయికి ఒక వెసులుబాటు ఇచ్చారు. మూడు నెలలు పల్లెలో ఒక్కపూట పనిచేస్తే చాలు, తగ్గిన పూటలకి చదువు కొన్నాళ్లు పొడుగవుతుంది. పొద్దున్నే గవర్నర్‌పేట నుంచి బస్సెక్కి వస్తుంది, ఒంటిగంటకి వెళ్లిపోతుంది.

"సగం డాక్టరన్నమాట," అంది శౌరమ్మ మొదటిరోజు.

"పూటే సగమండీ. డాక్టర్ని పూర్తిగానే," అంది హెలెన్.

ఆ జవాబు శౌరమ్మకి నచ్చింది. పైకి చెప్పలేదు. నచ్చినవన్నీ చెబుతూ కూర్చుంటే తన మాటకి విలువేముంటుంది?

మొదటివారం తల్లులు బిలబిలమంటూ వచ్చారు. రెండోవారం నలుగురు. మూడోవారం ఈగలు. హెలెన్ మొహం వాడిపోయింది.

"గురువారం మా ప్రొఫెసర్ జానకిరామయ్యగారు చూడ్డానికి వస్తున్నారండీ. పిల్లలే లేకపోతే ఈ ఒక్కపూట పని రద్దు చేసి వెనక్కి పిలుస్తారు. రోజంతా డ్యూటీ అంటే పాపని ఎవరు చూస్తారు? చదువు మానుకోవాల్సిందే."

శౌరమ్మ చీపురు గోడకి చేర్చింది. "సంపూర్ణమ్మ మనవణ్ణి తూకంలో పడుకోబెట్టి ఏమన్నారు మీరు?"

"ఏడు కిలోల ఆరొందలు అన్నాను. బాగా ఒళ్లు చేశాడన్నాను. మంచిమాటేగా?"

"ఇరవైమంది ముందు అన్నారు, మైకు లేని లోటు తెలియకుండా. ఆ సాయంత్రం వాడు పాలు కక్కాడు. ఇంకేముంది, డాక్టరమ్మ దిష్టి తగిలిందని కట్ట పొడుగునా పాకింది. చంటోడి బరువు ఎవరైనా పైకి చెబుతారా తల్లీ?"

"బరువు చూడకపోతే ఎదుగుదల ఎలా తెలుస్తుందండీ?"

"చూడొద్దని ఎవరన్నారు? అరవొద్దన్నాను."

ఆ సాయంత్రం శౌరమ్మ కట్ట పొడుగునా నడిచింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "డాక్టరమ్మ నోరు కట్టించాను. పిల్లల్ని తీసుకురండి."

మర్నాడు తూకం పక్కన కాటుక భరిణె వెలిసింది. ముందు అరికాల్లో చుక్క, తరవాతే తూకం. హెలెన్ బరువు చీటీ మీద రాసి, ఓటు చీటీలా మడిచి తల్లి చేతిలో పెట్టింది. ఒక బిడ్డ రెండు నెలలుగా ఎదగడం లేదు. ఆ సంగతి తల్లి చెవిలో మెల్లగా చెప్పింది. నలుగురిలో అని ఉంటే ఆ తల్లి తలెత్తుకోలేక మళ్లీ వచ్చేది కాదని హెలెన్‌కి అప్పుడు తట్టింది.

గురువారం వరండా నిండిపోయింది. జానకిరామయ్యగారు వస్తూనే సంపూర్ణమ్మ మనవణ్ణి ఎత్తుకున్నారు.

"అబ్బో, వీడెంత బరువు..."

వరండాలో తల్లులు పిల్లల్ని కొంగు చాటుకి లాక్కున్నారు. సంపూర్ణమ్మ మనవడి కోసం చేతులు చాచింది. శౌరమ్మ ఆయన ముక్కు కిందకి కాటుక భరిణె తెచ్చింది.

"సార్, ముందు చుక్క పెట్టాలండి," అంది హెలెన్ మెల్లగా. "బరువు చీటీ మీదే రాస్తాం."

ఆయన ఇద్దరి మొహాలూ చూశారు. వేలు ముంచి బుద్ధిగా చుక్క పెట్టారు. సంపూర్ణమ్మ చేతులు దించింది.

"నువ్వు ఎన్నాళ్ల నుంచి పాఠాలు చెబుతున్నావమ్మా?" అన్నారు శౌరమ్మతో.

"ముప్పై రెండేళ్లండి. తొమ్మిదిమంది వినకుండానే బదిలీ అయిపోయారు."

"మరి ఈ అమ్మాయి ఎలా చేస్తోంది?"

"అది పైకి చెప్పకూడదండి."

ఆయన నవ్వుతూ హెలెన్ డ్యూటీ పుస్తకం తీసి, మిగతా నెలలు ఇక్కడే అని రాసి సంతకం పెట్టారు. కాగితానికి కాటుక అంటుకుంది. హెలెన్ తుడవబోతే శౌరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి."