గోడ మీది కూర గిన్నె

మా హిందూపురం బజారులో నా అంత బేరగాడు లేడు. ఈ మాట అన్నది నేనే. ఒక మంచి సినిమాను ఎవరి సాయమూ లేకుండా చెడగొట్టాను. మరొకడైతే దానికి కూలి అడిగేవాడు.

తొంభైల చివర్లో ఒక పాత సినిమా ప్రింటును ఆరు వారాలకు అద్దెకు తీసుకున్నాను. ముందు హిందూపురం, తర్వాత ధర్మవరం, ఆఖరున పెనుకొండ. అన్నదమ్ములు ఇల్లు పంచుకొని నడుమ గోడ కట్టుకునే కథ. పాటలున్నాయి, కొట్లాటలున్నాయి, ఏడుపుంది. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. అన్ని సరుకులూ ఉంటే అన్ని రకాల గిరాకీ వస్తుందని నా నమ్మకం.

అలాంటి గోడ మాకూ ఉంది. నాయన, చిన్నాయన కొట్టు పంచుకున్నప్పుడు కట్టింది. తర్వాత చిన్నాయన తన సగానికి తాళం వేసి పెనుకొండలో వ్యాపారం పెట్టుకున్నాడు. అప్పటికి ఏడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

హిందూపురంలో మొదటిరోజు తలుపు దగ్గర నిలబడి సినిమాను కాదు, జనాన్ని చూశాను. నేల క్లాసు కొట్లాటలకు ఈలలేసింది. బెంచీలో వ్యాపారస్తులు సగం కన్నడం, సగం తెలుగులో చింతపండు ధర మాట్లాడుకున్నారు. బాల్కనీలో ఆడవాళ్లు పిల్లల్ని ఓదార్చుకుంటున్నారు. అప్పుడు తెరమీద పెద్దకోడలు గోడమీద కూర గిన్నె పెట్టి నిలబడింది. అవతల ఎవరూ రాలేదు. చాలాసేపటికి ఒక చెయ్యి పైకి లేచి గిన్నె అందుకుంది. మాట లేదు, సంగీతం లేదు. హాలంతా ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది.

ఇక టికెట్లు తెగవనుకున్నాను. బేరం నడుమ నోరు మూసుకున్న గిరాకీ చేతిలో సరుకు కింద పెట్టి వెళ్లిపోతుంది. కొట్టు నేర్పిన పాఠం అది.

ఆ సాయంత్రం ఆట చూసి వచ్చిన నాయన కళ్లు తుడుచుకున్నాడు. "రేయ్, పెనుకొండలో రెండు టికెట్లు పెట్టు. మీ చిన్నాయనను పిలుచుకొని వస్తా. నేను చెప్పలేంది అది చెప్తాది."

కథలో ఏ చోటు చెబుతుందో నేను అడగలేదు. రెండు టికెట్లు ఊరికే పోతాయే అనుకున్నాను.

ధర్మవరానికి పోయేముందు, గిన్నె ముక్క కత్తిరించమని ప్రింటు వెంట ఊరూరా వచ్చే ఆపరేటర్‌కు చెప్పాను.

"వద్దన్నా, ఊపిరి బిగబట్టి చూస్తాండారు."

"చూస్తే అరుస్తారు గదబ్బా. నువ్వు కత్తెర తియ్."

ధర్మవరంలో ఈలలు బాగా పడ్డాయి. రెండో వారానికి ఈలలేసేవాళ్లే మిగిలారు. ఒక నేతపనివాడు బయట నన్ను నిలదీశాడు. "ఏమప్పా, గిన్నె సీను చూడమని మా బావ హిందూపురం నుంచి చెప్పి పంపినాడు. యాడ పోయింది?"

"ఆడ వేరే ప్రింటబ్బా," అన్నాను. ముక్క నా సంచిలోనే ఉంది. తిరిగి అతికించమంటే ఆపరేటర్ ముందు తప్పు ఒప్పుకున్నట్టే. బజారులో మాట మీద బతికేవాణ్ణి, ఒప్పుకోలేదు.

పెనుకొండలో ఇద్దరూ వచ్చారు. నడుమ ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. తెరమీద గోడ లేచింది. వెంటనే కొట్లాట మొదలైంది. నాయన కొంచెంసేపు తెరనూ, కొంచెంసేపు వెనక్కి తిరిగి నన్నూ చూశాడు.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "గోడ కట్టుకునేది చూపించనీకే పిలిచినావాన్నా? నేను కట్టింది మర్చిపోతాననుకున్నావా?"

"అది కాదురా, ఇంకొకటి ఉండాది... ఉండాల..."

చిన్నాయన ఆగలేదు. నాయన బస్సులో హిందూపురం దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం సరుకు కింద పెట్టి పోయే గిరాకీదని మాత్రం నాకు తెలిసింది.

ఇక లెక్క. అద్దె, పోస్టర్లు, కత్తిరించిన ముక్కకు కట్టిన జరిమానా కలిపి మూడేళ్లలో తీర్చాను. ముక్క ఇప్పటికీ పసుపు డబ్బాలో చుట్టి ఉంది. చిన్నాయన మళ్లీ మా గడప తొక్కింది నాయన పోయిన రోజు. దాన్ని జమలో రాయలేను.