బొమ్మకు బొట్టు పెట్టిన పాపానికి

నవ్వకుండ్రి గానీ, మొన్న నేను ఒకరి చీరను వాళ్లకే తిరిగియ్యనీకి వేలంల కొనుక్కున్న!

నా పని మీకెరికే. పాత బట్టల చరిత్ర రాస్త, ఎగ్జిబిషన్లు పెడ్త. ముంబైల ఎన్ని పెడ్తే ఏంది, మన నేతోళ్ల బస్తీ పద్మనగర్ల ఒక్కటన్న పెట్టాలె అనుకున్న. దసరా నవరాత్రులల్ల నాన్న పనిచేసే మగ్గాల కార్ఖానా బంద్ ఉండె. సేట్ జాగ ఇచ్చిండు. పండుగకు జనం గూడ మస్తు వస్తరు. ఏం దిమాగ్ నాది!

ముంబై మేడం ఒకామె వాళ్ల నాయనమ్మ పెండ్లి చీర ఇచ్చింది. ఎర్ర పట్టు, జరీ అంచు. "ఎట్ల ఇచ్చిన్నో అట్లనే తేవాలె" అన్నది. అది పోయిందంటే నాకు మళ్ల ఎవ్వరూ జేబురుమాలు గూడ ఇయ్యరు. కెరీర్ ఖతం.

బొమ్మకు కట్టిన. తలకాయ లేని బొమ్మ, గదే ఇప్పటి స్టైల్. పక్కింటి లక్ష్మత్త గడపల్నే ఆగింది.

"ఓయమ్మో! పండుగపూట తలకాయ లేని ఆడిదాన్ని నిలవెట్టినవేందే!"

పిల్లలు ఏడుపు మొదలువెట్టిండ్రు. చీరల దుకాణంల బతిమాలి ఒక తలకాయ తెచ్చి పెట్టిన.

"మరి నొసలు బోడిగున్నదేందే?"

బొట్టు పెట్టిన. చేతులకు గాజులన్నరు, తొడిగిన. మెడల పూలదండన్నరు, ఏసిన. కమ్యూనిటీ పార్టిసిపేషన్ అని స్టేటస్ గూడ పెట్టుకున్న.

చాయ్ తాగొచ్చేసరికి బయట చెప్పుల కుప్ప! లోపట కొబ్బరికాయలు, అగరొత్తులు. 'ముట్టరాదు' అన్న బోర్డుకు గూడ పసుపు కుంకుమ.

"అరే, గది బొమ్మ!" అన్న.

"తప్పు! చెంపలేసుకో!" అన్నది ఎవరో కాదు, మా అమ్మనే. ఏసుకున్న.

ఇగ పండుగైందాక చీర మీద పసుపు చుక్క పడకుండ కావలి కూసున్న. ఆఖరుకు చీర విప్పుదామని పోతే లక్ష్మత్త చెయ్యి పట్టింది.

"అమ్మోరు కట్టిన చీర సంచిల ఏస్కపోతవా? వేలం పాడాలె. వచ్చిన పైసలు అన్నదానానికి."

"అత్తా, గది మేడంది!"

"మొన్నటిదాక. ఇప్పుడు అమ్మోరిది."

పదిమందిల కొట్లాడలేక నేను గూడ పాట పాడిన. నేనొకటంటే ఎనుకనుంచి ఒక ఆడగొంతు ఇంకింత పెంచుతది. నేను పెంచిన. ఆమె పెంచింది. ఈ ఎగ్జిబిషన్‌కు నాకొచ్చిన ఫీజంత ఒడిసింది. కడుపు మండి ఎనుకకు తిరిగి చూస్తే... మా అమ్మ!

"నువ్వెందుకు పాడుతున్నవమ్మా!"

"గింత చదువుకున్న నువ్వే గింత పెంచుతున్నవంటే, చీరల ఏదో మహిమ ఉన్నట్టే గదనే!"

చెవుల అసలు సంగతి చెప్తె గప్పుడు ఆగింది. చీర మేడంకు ముట్టింది. నా ఫీజు పప్పుచారై ఊరందరి కడుపుల పడ్డది. నా బాధ గది గాదు. మా అమ్మ నా చదువును నమ్మింది జన్మల గా ఒక్క పూటనే. గప్పుడు గూడ, నమ్మకమ్మా అని కాళ్లు మొక్కింది నేనే!