ఇడుపు కాయితం మీద నా బి.ఏ.

మొన్న ఆదివారం మా నాగర్‌కర్నూల్ వీధి చివర జిరాక్స్ షాపు నడిపే అమ్మాయి ఒక కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొగుడూ పెళ్ళాం కలిసి పెట్టుకున్న షాపు అది. ఇప్పుడు విడిపోతున్నారట, వకీలు తయారుచేసిన పంపకం జాబితా ఒకసారి చదివిపెట్టమని అడిగింది. రిటైరైన టీచరమ్మను కదా, మా వీధిలో ఏ కాగితమైనా ఒకసారి నా కళ్ళద్దాల ముందుకు రావలసిందే. రెండు మిషన్లు, కంప్యూటరు, బల్లలు, గోడ ఫ్యాను, అన్నీ నంబర్లేసి రాశారు. పొద్దున ఆరింటికి షట్టరెత్తి పరీక్షల రోజుల్లో కాళ్ళు వాచేదాకా నిలబడ్డది ఎవరో మాత్రం ఏ పేజీలోనూ లేదు. ఆ మాటే ఆమెతో అని, వకీలును మళ్ళీ ఒకసారి అడగమని చెప్పి పంపాను గానీ, ఆ తర్వాత వంట మీద ధ్యాస నిలవలేదు. మనసు పోయి పోయి గద్వాలలో మా మేనత్త ఇంట్లో కూర్చుంది.

మేనత్త అంటే మా నాయిన చెల్లెలు. మా నాయిన వనపర్తి దగ్గర ఒక్క మగ్గం నేసుకునేవాడు, అత్తను గద్వాలలో నాలుగు మగ్గాల ఇంటికి ఇచ్చారు. ఎనభైల నడుమ, ఆ నాలుగు మగ్గాలంటే మా చుట్టాల్లో అదొక ఫ్యాక్టరీ లెక్క. మామ ఒక మగ్గం మీద నేసేవాడు, మిగిలిన మూడింటి మీద కూలికి నేసేవాళ్ళుండేవారు, అత్తేమో నాలుగింటి చుట్టూ తిరిగేది. పోగు ఆరబెట్టడం, అడ్డం దారానికి కండెలు చుట్టడం, అన్నిటికీ మించి పడుగు అతకడం. మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, ఎవరైనా పిల్లలు చదువుతుంటే వాళ్ళ కోసం చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం కోసెయ్యరు, మూరెడు తోక వదులుతారు. ఆ తోకలోని ఒక్కొక్క పోగుకు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ముడి వెయ్యకూడదు, మెలి మాత్రమే. ఆ పని మా అత్త చేస్తుంటే చూస్తూ నేను అన్నం తినడం మర్చిపోయిన రోజులున్నాయి.

అత్తకు పిల్లలు లేరు. నన్ను ఏడో తరగతితో ఆపేద్దామని నాయిన అనుకున్నప్పుడు అడ్డుపడి, హాస్టలు ఖర్చులు భరించి వనపర్తిలో డిగ్రీ దాకా చదివించింది ఆమే. మా వంశంలో అప్పటిదాకా కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు, మగవాళ్ళలో కూడా. అందుకే పేపర్లో నా నంబరు కనబడ్డ రోజు, ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచి, ఇంటికి కూడా పోకుండా నేరుగా గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దాటేటప్పటికి పక్కనున్న ముసలమ్మకు, ముందు సీటు ఆయనకు, కండక్టరుకు కూడా పాసైన సంగతి చెప్పేశాను. కండక్టరు టికెట్ డబ్బులు తీసుకుని మరీ సంతోషించాడు.

అత్త ఇంటికి పోయేసరికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప. మగ్గాల గదిలో కులపెద్దలు నలుగురు చాప మీద కూర్చున్నారు, ఒక మూల మా నాయిన, ఇంకో మూల మామ. అప్పటికి రెండేళ్ళుగా మామ రాయచూరులో ఇంకో సంసారం పెట్టి నెలకోమారు వచ్చి పోతున్నాడని అందరికీ తెలుసు. ఆ రోజు ఇడుపు కాయితం, అంటే విడాకుల కాగితం, రాసుకోవడానికి కూర్చున్నారు. విడిపోవడం మీద పేచీ లేదు, అత్త అప్పటికే మనసు గట్టి చేసుకుంది. పేచీ అంతా మగ్గాల మీద. అవి పోతే అత్త ముప్పై అయిదేళ్ళ వయసులో అన్న ఇంట్లో ఒక మూలన కండెలు చుట్టుకుంటూ బతకాలి. నేను గడప మీద నిలబడి, నోటి దాకా వచ్చిన వార్తను మింగేశాను.

"మగ్గం మీద కూసున్నదెవరు? చీర నేసింది నేను, చేనేత సొసైటీల పేరు నాది," అంటున్నాడు మామ. "ఆమెకు తిండికి లోటు చెయ్య. ఏడాదికి గింజలు కొలిచిస్త. మగ్గాలు మాత్రం నావి."

పెద్దలందరిలోకి పెద్దాయన, ఆయనా జీవితమంతా నేసినవాడే, అత్త వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ చెల్లె?"

అత్త గొంతు పెంచలేదు. "గా మూల మగ్గానికి పడుగు నిన్న అయిపోయింది పెద్దన్న. కొత్త పడుగు తెచ్చిపెట్టిన. ఆయన చేత్తోని ఒక జానెడు అతకమను. మీరే గుంజి చూడుండ్రి. నిలవడితే నాలుగూ ఆయనయే, నేను మా అన్నెంట పోత."

నాయిన పరేషాన్ అయ్యాడు. "జర ఆలోచించి మాట్లాడవే," అని చెల్లెలి వైపు చేతులు కూడా జోడించాడు.

మామ నవ్వాడు. "గింతేనా? గది ఆడోళ్ళ పని."

"ఆడోళ్ళ పనైతే జల్ది అయిపోతది తియ్, కూసో," అన్నాడు పెద్దాయన.

మామ మంచి నేతగాడని చెప్పాలి, ఆయన నేసిన పట్టు అంచును వ్యాపారులు వేలితో తడిమి మురిసేవారు. కానీ పెళ్ళయిన నాటి నుంచి ఒక్క పడుగూ ఆయన అతకలేదు, ఆ అవసరం రాలేదు. మొదట మెలిపెట్టబోయాడు, పోగులు జారిపోయాయి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారాయి. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో, నేసేటప్పుడు దారం తెగితే చేసే అలవాటు చేతికొచ్చి, చకచకా ముళ్ళు వేసుకుంటూ పోయాడు. జానెడు మేర కట్టి లేచి నిలబడ్డాడు. పెద్దాయన పడుగును మెల్లగా ముందుకు గుంజాడు. పోగులన్నీ మగ్గం మీది అచ్చులో, ఆ దువ్వెనలాంటి దాని పళ్ళలోంచి దూరిపోవాలి కదా, ఆ ముళ్ళు వరుసగా పళ్ళకు తట్టుకుని ఆగాయి. ఇంకొంచెం గుంజితే పుటుక్కు పుటుక్కున తెగాయి. గదిలో ఎవరూ నవ్వలేదు, నేతపని వాళ్ళకు తెగిన పోగును చూస్తే నవ్వు రాదు.

అత్తను ఎవరూ కూర్చోమనలేదు. తనే వచ్చి కూర్చుని, బూడిద అద్దుకుని, తెగినవాటిని సవరించుకుని ఆ జానెడు అతికింది. ఎంతసేపు పట్టిందో తెలియదు, చాప మీది వాళ్ళెవరూ కదల్లేదు. పెద్దాయన మళ్ళీ గుంజాడు. పోగులన్నీ అచ్చు దాటి ఇవతలికి వచ్చేశాయి, అతుకు ఎక్కడుందో ఆయన వేలితో వెతుక్కోవలసి వచ్చింది.

"చెరి రెండు," అన్నాడు. "రాసేటోన్ని పిలువుండ్రి."

రాసే ఆయన ఊళ్ళో లేడు. అత్త నా వైపు చూపించి, "మా అన్న బిడ్డ రాస్తది," అంది. అప్పుడు అందరూ నన్ను చూశారు. నేను కాగితం, పెన్ను తీసుకుని నేల మీద కూర్చుని, పెద్దాయన చెబుతుంటే రాశాను. భార్య మీద దయతలచి రెండు మగ్గములు ఇచ్చినాడు అని ఆయన చెప్పిన చోట అత్త ఆపింది.

"దయ అని రాయకు బిడ్డా. పని చేసింది గనక అని రాయ్."

పెద్దాయన గడ్డం గోక్కుని, "గట్లనే రాయ్," అన్నాడు. ఆ మాట కొట్టేసి మళ్ళీ రాసింది నేనేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. అన్నీ అయ్యాక చివర రాసినవారి పేరు రాయాలి. నా పేరు రాశాను. మింగేసిన వార్త ఇక ఆగలేదు, పేరు పక్కన ఇంకో రెండక్షరాలు పెట్టాను.

పెద్దాయన కాగితాన్ని వేలు పెట్టి బిగ్గరగా చదువుకుంటూ వచ్చి చివర్లో ఆగాడు. "గిదేంది బిడ్డా, పేరు ఎన్క బి.ఏ. అని?"

"పాసైన పెద్దనాయినా. పొద్దుగాల పేపర్ల పడ్డది."

నాయిన తల కిందికి వేసుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. మామేమో, "ఇడుపు కాయితం మీదనా గా ముచ్చట రాసుకునేది? ఇంకో కాయితం దొర్కలేదా?" అన్నాడు.

"మంచి కాయితం మీదనే రాసింది," అంది అత్త. "గిది దాసిపెట్టుకునే కాయితం."

తర్వాత నాకు ఎం.ఏ. వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పటం కట్టించుకున్న సర్టిఫికెట్లున్నాయి. ఎవరికైనా చూపించాలంటే మాత్రం అత్త ట్రంకుపెట్టెలోంచి నాకు దక్కిన ఆ కాగితాన్నే తీస్తాను. ఆ రెండు మగ్గాలతో అత్త ఇరవై ఏళ్ళకు పైగా నడిపింది, నాలుగు చేసింది. మామ తన రెండు మగ్గాలను రాయచూరుకు తీసుకుపోలేక పక్క వీధిలోనే పెట్టుకున్నాడు, పడుగు అయిపోయినప్పుడల్లా మనిషిని పంపేవాడు. అత్త పోయి అతికి, వేరేవాళ్ళ దగ్గర ఎంత కూలి తీసుకునేదో ఆయన దగ్గరా అంతే తీసుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చేది. ఆ పోవడం నాకు నచ్చేది కాదు. అడిగితే, పడుగు ఏం పాపం చేసిందని ఎదురడిగింది.

ఇప్పుడు గద్వాలలో అత్త వాళ్ళ వీధిలో ఇంటికి ఇద్దరు డిగ్రీ వాళ్ళున్నారు, ఆడపిల్లలే ఎక్కువ. వాళ్ళలో ఎవరికీ తన పని తనదని నిరూపించుకోవడానికి నలుగురి ముందు కూర్చుని వేళ్ళకు బూడిద అద్దుకోవలసిన అవసరం రాకూడదనే కోరుకుంటాను, అత్తకు వచ్చిన ఆ గతి నాకు ఇవాళ్టికీ కోపం తెప్పిస్తుంది. అయినా ఒక్కటి మాత్రం లోపల మెలిపెడుతుంది. అత్త చనిపోయిన ఏడు నేనూ నాయినా పోయి ఆ నాలుగు మగ్గాలను ఎవరికైనా ఇద్దామని వీధంతా తిరిగాం. ఊరికే ఇస్తామన్నాం. పెట్టుకోవడానికి గది లేదన్నారు కొందరు, అతికేవాళ్ళు ఎక్కడున్నారన్నారు ఇంకొందరు. ఇలాంటి నాలుగు మగ్గాలనే ఒకనాడు నలుగురు పెద్దలు కూర్చుని పంచారు, చివరికి చెరి రెండు కావాలని పోట్లాడే ఇద్దరు మనుషులు కూడా వాటికి మిగల్లేదు.